సిస్టిక్ ఫైబ్రోసిస్: మాత్ర వచ్చినా ఊపిరితిత్తులు వదలని బ్యాక్టీరియా

2019 అక్టోబరులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ట్రైకాఫ్టా అనే మందుకు అనుమతి ఇచ్చింది. దాంతో ఊపిరితిత్తులను దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు కథ ముగిసిందన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. మందు గొప్పదే, సందేహం లేదు. ఊపిరి అందని పిల్లలు మళ్లీ పరుగెత్తగలుగుతున్నారు. కానీ ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పాతుకుపోయిన సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా ఈ మందుకు పూర్తిగా లొంగడం లేదు. ఎందుకో తెలియాలంటే మనిషి జన్యువు కథతో పాటు బ్యాక్టీరియా జన్యువుల కథ కూడా చూడాలి.

మనిషి జన్యువు కథ చాలామందికి తెలిసిందే. 1938లో న్యూయార్క్‌లో డాక్టర్ డొరొతీ ఆండర్సన్ చనిపోయిన పసిపిల్లల శవపరీక్షల ఆధారంగా ఈ జబ్బును స్పష్టంగా వర్ణించారు. ఈ జబ్బున్నవాళ్ల చెమటలో ఉప్పు ఎక్కువగా ఉంటుందని 1953లో తేలింది. 1989లో లాప్-చీ సూయ్, జాక్ రియోర్డాన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు ఏడో క్రోమోజోమ్ మీద సీఎఫ్‌టీఆర్ జన్యువును పట్టుకున్నాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతులే వస్తే కణాల్లో క్లోరైడ్ రాకపోకలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తుల్లో శ్లేష్మం చిక్కబడి కదలకుండా పోతుంది. ఈ జన్యువు చేసే ప్రోటీన్ లోపాన్ని సరిదిద్దేదే ట్రైకాఫ్టా.

ఆ శ్లేష్మంలోనే సూడోమోనాస్ కాపురం పెడుతుంది. 1882లో ఫ్రాన్స్‌లో కార్ల్ గెస్సార్డ్ దీన్ని గుర్తించింది గాయాల కట్లకు అంటిన నీలి ఆకుపచ్చ రంగును బట్టి. మట్టిలో, నీళ్లలో, సింకుల్లో ఎక్కడైనా బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు దాన్ని సులువుగా బయటికి నెట్టేస్తాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లకు అది చేతకాదు. తొలి దశాబ్దాల్లో ఈ పిల్లల ప్రాణాలు తీసింది ఎక్కువగా స్టెఫైలోకాకస్. యాంటీబయాటిక్స్ వచ్చి దాన్ని కొంత అదుపు చేశాక సూడోమోనాస్ ముందుకొచ్చింది.

ఏళ్ల తరబడి జబ్బున్న రోగుల గళ్ల (కఫం) నుంచి పెంచిన సూడోమోనాస్ జిగటగా, జారుడుగా ఉండటం డాక్టర్లు చాలాకాలం నుంచి చూస్తూనే ఉన్నారు. దాని వెనక జన్యువు 1993లో దొరికింది. మ్యూక్-ఏ అనే జన్యువు చెడిపోతే బ్యాక్టీరియాకు అడ్డు తొలగిపోయి ఆల్జినేట్ అనే జిగురును ఆపకుండా తయారుచేస్తుంది. ఆ జిగురు చాటున గుంపుగా ఉన్న బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ గానీ, రక్తంలోని తెల్లకణాలు గానీ తుడిచిపెట్టలేవు. 2000లో స్పెయిన్ పరిశోధకులు మరో సంగతి చెప్పారు. వాళ్లు చూసిన 30 మంది రోగుల్లో మూడింట ఒక వంతుకు పైగా వ్యక్తుల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే యంత్రాంగమే చెడిపోయిన బ్యాక్టీరియా ఉంది. అది మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా మారుతుంది. మందుకు లొంగని రకాలు పుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది 2006లో సియాటిల్ నుంచి వచ్చిన అధ్యయనం. ఒకే బిడ్డ నుంచి ఆరు నెలల వయసులో ఒకసారి, ఎనిమిదేళ్ల వయసులో ఇంకోసారి తీసిన సూడోమోనాస్ జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చూశారు. 68 మార్పులు కనిపించాయి. అవి గాలివాటంగా వచ్చినవి కావు. కొత్త జాగాలో దాడికి పనికొచ్చే జన్యువులు ఒకటొకటిగా చెడిపోయాయి. తోటి బ్యాక్టీరియాతో సంకేతాలు నడిపే లాస్-ఆర్ జన్యువు కూడా చాలామంది రోగుల్లో ఇలాగే చెడుతుందని తేలింది. అంటే ఊపిరితిత్తుల్లో స్థిరపడేకొద్దీ ఈ బ్యాక్టీరియా దాడి తగ్గించుకుని, మొండిగా బతకడం నేర్చుకుంటోంది. మొదట లోపలికి వచ్చినదీ, ఎనిమిదేళ్ల తర్వాత ఉన్నదీ ఒకే వంశమైనా ఒకే జీవి కాదు.

అలా మారినవి ఒకరి నుంచి ఒకరికి పాకడం ఇంకా బాధాకరం. ఒకే ఆస్పత్రి క్లినిక్‌కు వచ్చే పిల్లల మధ్య ఒకే రకం పాకిందని 1996లో లివర్‌పూల్‌లో బయటపడింది. ఉల్లిపాయల కుళ్లుకు కారణంగా 1950లో వర్ణించిన బర్క్‌హోల్డేరియా సెపేసియా అనే మరో బ్యాక్టీరియా అంతకుముందే ప్రాణాలు తీస్తోంది. దాంతో ఈ పిల్లల కోసం నడిపిన వేసవి శిబిరాలు మూతబడ్డాయి. ఇద్దరు రోగులు కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలన్న నియమం వచ్చింది. తమ బాధ పూర్తిగా అర్థమయ్యే మనిషి పక్కన కూర్చునే వీలు కూడా లేని జబ్బు ఇది.

నెగ్గిన సందర్భమూ ఉంది. కోపెన్‌హేగన్ డాక్టర్లు బ్యాక్టీరియా కనిపించిన మొదట్లోనే పీల్చే కొలిస్టిన్, నోటి ద్వారా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. 1991లో వచ్చిన ఫలితాల ప్రకారం, 27 నెలల్లో ఇన్‌ఫెక్షన్ దీర్ఘకాలికంగా మారింది మందు తీసుకున్న 14 మందిలో ఇద్దరికి, తీసుకోని 12 మందిలో ఏడుగురికి. జిగురు పట్టకముందే కొట్టాలన్న పాఠం అక్కడి నుంచి వచ్చింది.

ట్రైకాఫ్టాకు ముందొచ్చిన అదే తరహా మందు ఐవాకాఫ్టర్ తీసుకున్న డబ్లిన్ రోగుల మీద 2017లో వచ్చిన అధ్యయనమూ అటే చూపిస్తోంది. మొదలుపెట్టిన రెండు రోజుల్లోనే సూడోమోనాస్ సంఖ్య తగ్గడం మొదలైంది, ఏడాదంతా తగ్గింది, తర్వాత మళ్లీ పెరిగింది. పాత వంశం ఎవరిలోనూ పూర్తిగా పోలేదు. మందుతో సొంత ప్రోటీన్ సరిగా పనిచేసినా, అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో అద్దెకొచ్చినది ఉండిపోయింది.

మన దేశంలో దీన్ని చాలాకాలం యూరప్ జబ్బుగానే చూశారు. పిల్లలకు టీబీ అనో, ఆస్తమా అనో మందులు వాడుతూ ఏళ్లు గడిచిపోయేవి. ట్రైకాఫ్టా వచ్చినప్పటి ధర ఏడాదికి 3,11,000 డాలర్లు. పైగా అది బాగా పనిచేసేది సీఎఫ్‌టీఆర్ జన్యువులో ఎఫ్508డెల్ అనే మార్పు ఉన్నవాళ్లలో; ఆ మార్పు మనవాళ్లలో యూరప్ కంటే తక్కువ. కాబట్టి మనకు ముందుగా కావాల్సింది త్వరగా గుర్తించడం. దగ్గు తగ్గక, మాటిమాటికీ నెమ్ము చేసి, బాగా తింటున్నా బరువు పెరగక, జిడ్డుగా విరేచనమయ్యే బిడ్డకు చెమటలో క్లోరైడ్ పరీక్ష చేయించమని పిల్లల డాక్టర్‌ను అడగాలి. జబ్బు ఉందని తేలితే మూడు నెలలకోసారి గళ్లలో బ్యాక్టీరియా ఉందేమో చూసే కల్చర్ పరీక్ష చేయించడం మానకూడదు.