నిన్నటి పేపరు నూరేళ్లు బతకాలంటే

1844 అక్టోబరు 26న, ఇప్పటి కెనడాలోని హాలిఫాక్స్‌లో వెలువడే ‘అకేడియన్ రికార్డర్’ అనే స్థానిక పత్రిక ఒక ఉత్తరం అచ్చువేసింది. రాసినాయన చార్లెస్ ఫెనర్టీ. స్ప్రూస్ కలపను గుజ్జు చేసి కాగితం తయారుచేశాననీ, నమూనా కూడా జతపరుస్తున్నాననీ ఆయన చెప్పుకున్నాడు. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలోని శాక్సనీలో ఫ్రీడ్రిష్ గాట్లోబ్ కెల్లర్, తిరిగే సానరాయికి చెక్కను ఒత్తి గుజ్జు తీసే పద్ధతి కనిపెట్టాడు. అంతవరకూ యూరప్, అమెరికాల్లో కాగితమంటే పాత నార బట్టలూ నూలు బట్టలూ నానబెట్టి, దంచి తీసిన గుజ్జే. పీలికలు చాలడం లేదు, చదివేవాళ్లేమో పెరిగిపోతున్నారు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి దినపత్రికలు దాదాపుగా అన్నీ చెక్క గుజ్జుకు మారిపోయాయి. పేపరు చవకైంది, చిన్న చిన్న పట్టణాల్లో కూడా పత్రికలు పుట్టుకొచ్చాయి.

పాత పత్రికల సంపుటాలున్న గదిలో ఈ మార్పు కంటికే కనిపిస్తుంది. 1820 నాటి సంచిక తీస్తే కాగితం ఇంకా తెల్లగా, మెత్తగా ఉంటుంది. 1920 నాటిది తీస్తే గోధుమరంగుకు తిరిగి, పేజీ తిప్పగానే అంచులు పొడిపొడిగా రాలతాయి. ముందు పుట్టినది గట్టిగా ఉంది, తర్వాత పుట్టినది ముందే ముసలిదైంది. దానికి కారణం పురుగులూ ఎలుకలూ కాదు. అవీ తింటాయి గానీ, పత్రికకు అసలు శత్రువు కాగితంలోనే ఉంది.

చెక్కలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్. గ్లూకోజ్ అణువులు పూసల దండలా వందలూ వేలూ ఒకదాని వెంట ఒకటి గుచ్చుకుని ఉండే పొడవాటి గొలుసు అది. కాగితానికి బలం ఈ గొలుసుల పొడవులోనే ఉంది. చెక్కలో నాలుగో వంతు దాకా లిగ్నిన్ అనే మరో పదార్థం ఉంటుంది. చెట్టు నిటారుగా నిలబడటానికి సాయపడేది అదే. రసాయనాలతో ఉడికించి తీసిన గుజ్జులో లిగ్నిన్ చాలావరకు పోతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. సానరాయితో రుబ్బిన గుజ్జులో లిగ్నిన్ మొత్తం అలాగే ఉండిపోతుంది. పైగా రుబ్బడంలో నారపోగులు తెగి పొట్టివవుతాయి. కాబట్టి ఈ గుజ్జుతో చేసే పత్రికల కాగితం, అంటే న్యూస్‌ప్రింట్, పుట్టుకతోనే బలహీనం.

ఆ తర్వాత రెండు వేరు వేరు పనులు మొదలవుతాయి. వీటిని కలిపేసి చెప్పడం చాలాచోట్ల చూస్తుంటాను. పసుపుపచ్చబడటం వేరు, పెళుసెక్కడం వేరు. వెలుతురు, ముఖ్యంగా అందులోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లిగ్నిన్‌ను మార్చేస్తాయి. కొత్తగా ఏర్పడిన రంగు పదార్థాలవల్ల కాగితం పసుపు తిరుగుతుంది. కొత్త పేపరును ఎండలో పడేస్తే కొద్ది గంటల్లోనే ఇది తెలిసిపోతుంది. పెళుసుదనం ఆమ్లం చేసే పని. కాగితంలోని కొద్దిపాటి తేమ సాయంతో ఆమ్లం సెల్యులోజ్ గొలుసును ఎక్కడ పడితే అక్కడ తెంచుతుంది. గొలుసులు పొట్టివయ్యేకొద్దీ కాగితం మడతకు ఆగదు. 

మరి ఆమ్లం ఎక్కడిది? కొంత తయారీలోనే చేరింది. సిరా పాకకుండా ఉండేందుకు పైన్ చెట్ల నుంచి తీసిన రోజిన్‌నూ, పటిక అని పిలిచే అల్యూమినియం సల్ఫేట్‌నూ కలిపే పద్ధతిని 1807లో జర్మనీకి చెందిన మోరిట్స్ ఇల్లిగ్ ప్రకటించాడు. ఆ శతాబ్దంలోని చాలా కాగితాల్లోకి ఆమ్లం ఆ దారిన వచ్చింది. కొంత పట్టణాల గాలిలోని గంధకపు పొగల నుంచి చేరింది. మిగతాది కాగితం తనంతట తాను తయారుచేసుకుంటుంది. పాతబడేకొద్దీ దానిలోంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాలు పుడతాయి. అవి మరిన్ని గొలుసుల్ని తెంచుతాయి, ఆ క్షయం మరికొంత ఆమ్లాన్ని పుట్టిస్తుంది. అందుకే పాడయ్యే వేగం ఏటేటా ఒకేలా ఉండదు, పెరుగుతూ పోతుంది. పాత పుస్తకాల వాసన అని చాలామంది ముచ్చటపడేది ఈ క్షయం వాసనే. ఆ ఆవిరుల్లో ఎసిటిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యురాల్ వంటివి ఎంతెంత ఉన్నాయో కొలిస్తే, కాగితాన్ని ముట్టుకోకుండానే దాని పరిస్థితి చెప్పవచ్చని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో మతియా స్ట్రిలిచ్ బృందం 2009లో చూపింది.

రసాయన చర్య అన్నాక వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. సంరక్షకులు వాడే ఒక మోటు లెక్క ఉంది: నిల్వచేసే గది ఉష్ణోగ్రతను 5 డిగ్రీలు తగ్గిస్తే కాగితం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. అంటే 30 డిగ్రీల గదిలో ఉన్న సంపుటాన్ని 20 డిగ్రీల గదికి మారిస్తే నాలుగు రెట్లు. తేమ కూడా తక్కువగా ఉండాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, మరీ తగ్గితే కాగితం ఎండిపోయి పట్టుకోగానే విరుగుతుంది. పత్రికలను కాపాడటానికి ఇంతవరకు మనకు తెలిసిన ఉపాయాల్లో దీనికి మించినది లేదని నా అభిప్రాయం. చల్లని, పొడి, చీకటి గది. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండదు, ఫొటో తీయడానికీ ఏమీ ఉండదు. అందుకే కాబోలు నిధులు దీనికి ఆలస్యంగా వస్తాయి.

గొప్పగా ఉండే ఉపాయాలకు ఏం జరిగిందో చూడండి. 1930ల నుంచి విలియం బారో అనే అమెరికన్ నిపుణుడు పెళుసు కాగితాలను సెల్యులోజ్ ఎసిటేట్ పొరల మధ్య వేడిచేసి అతికించే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. పత్రాలు గట్టిపడ్డాయి. దశాబ్దాల తర్వాత ఆ పొరే కుళ్లి, ఎసిటిక్ ఆమ్లాన్ని వదలడం మొదలుపెట్టింది. దాన్ని ఊడదీయడం ఇప్పుడు మరో తరం సంరక్షకుల పని. 1980లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒకేసారి వేల పుస్తకాల్లోని ఆమ్లాన్ని తటస్థం చేద్దామని డైఇథైల్ జింక్ అనే వాయువును ఎంచుకుంది. రసాయనంగా ఆ ఆలోచన చక్కనిదే. కాకపోతే ఆ పదార్థం గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది, నీళ్లు తగిలితే ఇంకా భగ్గుమంటుంది. నాసావారి గొడార్డ్ కేంద్రంలో పెట్టిన ప్రయోగశాలలో 1985 డిసెంబరులో నిప్పంటుకుంది, 1986 ఫిబ్రవరిలో పేలుడు జరిగింది. చివరికి గ్రంథాలయం సన్నని మెగ్నీషియం ఆక్సైడ్ రేణువులను కాగితంపై నిలిపే నెమ్మదైన పద్ధతికి వచ్చింది. అయితే ఏ పద్ధతిలో ఆమ్లాన్ని తీసినా తెగిన గొలుసులు అతుక్కోవు. ఇకపై పాడవడం నెమ్మదిస్తుంది, అంతే. ఒక్కో పేజీకి సన్నని జపాన్ కాగితం వేసి గోధుమపిండి జిగురుతో అతికే పని చేతిపని. రాజపత్రానికి చేయగలం. రోజుకు ఎనిమిది పేజీలు, ఏడాదికి మూడు వందల సంచికలు, ఎనభై ఏళ్లు నడిచిన పత్రికకు ఎవరు చేయగలరు?

అందుకే కాగితాన్ని కాక, దాని మీదున్న అచ్చును కాపాడదాం అన్న ఆలోచన బలపడింది. 1930లలో, పేజీలను బాగా చిన్నవిగా ఫొటో తీసి ఫిల్ములో దాచే మైక్రోఫిల్మ్ వచ్చింది. 1938లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం విదేశీ పత్రికలను ఫిల్ముకెక్కించడం ప్రారంభించింది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్టలో నెలల తరబడి సంచికలు ఇమిడిపోతాయి. పాలియెస్టర్ మీద వెండి పూతతో తీసిన ఫిల్మును సరిగ్గా నిల్వ ఉంచితే 500 ఏళ్లు ఉంటుందని అంచనా. చదవడానికి ఒక భూతద్దం, ఒక దీపం చాలు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఇది చిన్న సుగుణం కాదు. కానీ తొలి దశాబ్దాల ఫిల్ము చాలావరకు ఎసిటేట్‌దే. ఆ చుట్టలు ఇప్పుడు వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతున్నాయి. వాటిలో రంగుల పేజీలు నలుపు తెలుపులయ్యాయి. బైండు మధ్యలో కూరుకుపోయిన కాలమ్‌లు సగం అక్షరాలతో మిగిలాయి. ఉదయం ఒక ఎడిషన్, మధ్యాహ్నం మరొకటి వేసిన పత్రికలో ఒక్కటే ఫిల్ముకెక్కింది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. ఫిల్ము తీశాం కదా అని చాలా గ్రంథాలయాలు కాగితాన్ని వదిలించుకున్నాయి. బ్రిటిష్ లైబ్రరీ కూడా 1999లో తన దగ్గరున్న విదేశీ పత్రికల సంపుటాలను వేలానికి పెట్టింది. వాటిలో అమెరికన్ పత్రికల సంపుటాలు కొన్నింటిని ఒక అమెరికన్ రచయిత సొంత డబ్బు పోసి కొని, గోదాములో పెట్టి కాపాడాడు. 2004లో అవి డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఫిల్ములో అచ్చు మసకగా ఉంటే కాగితం నుంచి మళ్లీ తీయవచ్చు. కాగితమే లేకపోతే ఆ మసకే శాశ్వతం. నకలు తీయడాన్ని నేను కాదనను. నకలు తీశాక అసలు ప్రతిని పారేయడాన్నే కాదంటాను.

ఈ వాదన పెద్ద పత్రికలకంటే చిన్నవాటికే ఎక్కువ వర్తిస్తుంది. మహానగరపు దినపత్రిక ప్రతులు పది గ్రంథాలయాల్లో ఉంటాయి. ఒక చోట కాలిపోతే మరో చోట దొరుకుతుంది. జిల్లా పత్రికకు చాలాసార్లు ఒకటి రెండు సెట్లే దిక్కు. 1940 అక్టోబరు 20న లండన్‌లోని కోలిండేల్ పత్రికాలయం మీద బాంబు పడినప్పుడు కాలిపోయిన 6,000 సంపుటాలు ఇంగ్లండులోని మారుమూల పట్టణాలవీ ఐర్లండువీ. వాటిలో కొన్ని ఇంకెక్కడా దొరకలేదు.

ఆ పత్రికల్లో ఏముంటుంది? సంతల ధరలు, వాన లెక్కలు, చావు ప్రకటనలు, పోయిన ఆవు గురించి ఒక ముక్క. అచ్చయిన నాడు ఎవరూ దాచుకోవాలనుకోని సరుకు. 1859 సెప్టెంబరు మొదటి రోజుల్లో సూర్యుడి నుంచి వచ్చిన తుఫాను భూమిని తాకినప్పుడు ధ్రువకాంతులు క్యూబా దాకా కనిపించాయి. టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు లేచాయి. అప్పటికి ఉపగ్రహాలు లేవు, అయస్కాంత పరిశీలనాలయాలు కొద్దిగానే ఉన్నాయి. ఆకాశం ఎర్రబడింది ఎన్ని గంటలకు, ఏ అక్షాంశం దాకా అన్నది ఇవాళ శాస్త్రవేత్తలు కూడదీసుకున్నది చాలావరకు ఆనాటి పత్రికల నుంచి, ఓడల చిట్టాల నుంచి. పాత భూకంపాల తీవ్రతను అంచనా వేసేవాళ్లూ ఇదే పని చేస్తారు. ఏ పట్టణంలో పొగగొట్టాలు కూలాయి, ఏ పట్టణంలో గిన్నెలు మాత్రమే గలగలమన్నాయి అన్నది పటం మీద గుర్తుపెట్టుకుంటూ పోతే ప్రకంపన కేంద్రం ఎక్కడో తేలుతుంది. ఆ పటానికి రాజధాని పత్రిక ఒక్కటీ చాలదు. చుక్కలు ఎక్కువ కావాలి, ఒక్కో చుక్కా ఒక్కో చిన్న పత్రిక.

ఇప్పుడు స్కానింగ్ యుగం. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2007లో తెరిచిన ‘క్రానిక్లింగ్ అమెరికా’లో కోట్ల పేజీలు ఉచితంగా చదవవచ్చు. బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ వల్ల ఒక పేరు టైపు చేస్తే శతాబ్దాల పత్రికల్లో అది ఎక్కడుందో క్షణంలో దొరుకుతుంది. కానీ పాత అచ్చు ఓసీఆర్‌కు గడ్డు పరీక్ష. అరిగిన టైపు, అవతలి పేజీ సిరా ఇవతలికి కనిపించడం, ఇరుకైన కాలమ్‌లు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు అచ్చులో పొడవాటి ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదువుతుంది. తెలుగు లాంటి లిపుల్లో గుడి, ఏత్వం, ఒత్తు వరసను దాటి పైకీ కిందికీ పోతాయి కాబట్టి చిక్కు ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2008లో ఒక తెలివైన పని చేసింది. తప్పుల్ని దిద్దే అవకాశం చదివేవాళ్లకే ఇచ్చింది. అప్పటినుంచి కోట్ల వరసలను జనమే దిద్దారు. దిద్దనిచోట మాత్రం ప్రమాదం ఉంది. వెతికితే దొరకలేదు కాబట్టి పత్రికలో ఆ సంగతి లేదనుకుంటాం. పేజీలు తిప్పి చదివిన పాతకాలపు పరిశోధకుడికి ఈ భ్రమ ఉండేది కాదు.

సరే, మూతపడిన ఒక పత్రిక ఆఫీసు నుంచి కట్టలు ఆర్కైవ్‌కు చేరాయనుకుందాం. ముందు వాటిని విడిగా ఉంచుతారు, పురుగూ బూజూ మిగతా సేకరణకు అంటకుండా. తడిసినవి ఉంటే రెండు రోజుల్లోపు గడ్డకట్టించాలి, లేకపోతే బూజు మొదలవుతుంది. తాళ్లు విప్పేస్తారు, అవి అంచుల్ని కోస్తాయి. తుప్పు పట్టిన పిన్నులు, క్లిప్పులు తీసేస్తారు. మడతలు విప్పి, ఆమ్లం లేని పెట్టెల్లో బల్లపరుపుగా పడుకోబెడతారు. నిలబెడితే తమ బరువుకు తామే వంగుతాయి. చిరుగులకు సెల్లో టేపు వెయ్యరు. దాని జిగురు కాలక్రమంలో కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక చేస్తుంది. ఇంట్లో ఒకటి రెండు పాత సంచికలు దాచుకున్నవాళ్లకూ ఇవే జాగ్రత్తలు. లామినేషన్ మాత్రం వద్దు. కత్తిరించి దాచేవాళ్లు పత్రిక పేరు, తేదీ పెన్సిలుతో పక్కన రాసుకోవాలి. తేదీ లేని కత్తిరింపు పరిశోధకుడికి ఎందుకూ కొరగాదు.

కోలిండేల్‌లో మిగిలిన సంపుటాలిప్పుడు యార్క్‌షైర్‌లోని బోస్టన్ స్పాలో 2015లో ప్రారంభమైన భవనంలో ఉన్నాయి. లోపల మనుషులు తిరగరు, మరలు తెచ్చిపెడతాయి. సుమారు 14 డిగ్రీల చలి, చీకటి. గాలిలో ఆక్సిజన్ నిప్పు అంటుకోలేనంతగా తగ్గించారు.

ఇవాళ కంప్యూటర్‌లోనే పుడుతున్న పత్రికకు అలాంటి గది కూడా సాయపడదు. అమెరికాలోని ‘కొలంబియా మిసోరియన్’ పత్రిక 2002లో ఒక సర్వరు చెడిపోవడంతో పదిహేనేళ్ల వార్తల పాఠాన్ని, ఏడేళ్ల ఫొటోలను పోగొట్టుకుంది. ఆ పదిహేనేళ్ల కాగితం ప్రతులు పసుపెక్కి ఉండొచ్చు గానీ చదవడానికి వీలుగానే ఉంటాయి. డిజిటల్ ఫైలుకు పసుపెక్కే దశ లేదు, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకని మూడు నకళ్లు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో, ప్రతి ఫైలూ మారలేదని, దాని నుంచి లెక్కగట్టిన అంకెల ముద్రతో (చెక్‌సమ్) అప్పుడప్పుడు సరిచూడటం ఇప్పుడు పద్ధతి అయింది. బ్రిటన్‌లో 2013 నుంచి వెబ్‌సైట్లను కూడా చట్టప్రకారం గ్రంథాలయాలు సేకరించి దాస్తున్నాయి. కానీ పొద్దున ఎనిమిదింటికి ఉన్న శీర్షిక పదింటికి మారి, సాయంత్రానికి వార్తే మాయమయ్యే చోట, ఏ గంట నాటి పేజీని ఆ రోజు పత్రికగా దాచాలన్నది ఇంకా తేలలేదు.