మెట్లు దిగేటప్పటి నొప్పి

హన్మకొండ,
ఆదివారం పొద్దున.

చిట్టీ, చిన్నోడా,

మంచిగున్నరా? మొన్న రాత్రి ఫోన్ల మాట్లాడుతుంటేనే మీ అమ్మ అన్నానికి పిలిచింది, పెట్టేసిన్రు. నేను చెప్పాల్సింది నోట్లనే ఉండిపోయింది. అందుకే కాగితం ముందటేసుకున్న. వాట్సాప్ల పెడితే చిన్నోడు చదవకుండనే బొటనవేలు బొమ్మ పంపుతడు, అది నాకెరికే.

చిట్టీ, నువ్వన్నది ఇది: "టెన్త్, ఇంటర్ అని మూడేండ్లు ఆట బంద్ పెట్టిన. సోమవారం కాలేజీల బ్యాడ్మింటన్‌కు పోయిన. మంగళవారం ఏదో జర గుంజినట్టున్నది. బుధవారం బస్సు దిగుదామంటే తొడలు మాట వినలే. ఇగ నాతోని కాదు బాపమ్మా." వెనుక చిన్నోడి నవ్వు వినబడ్డది. ముసలమ్మ లెక్క నడుస్తున్నదన్నడట. ముసలమ్మలు ఎట్ల నడుస్తరో వాడు నన్నడిగితే నేను చెప్పేదాన్ని.

ఆ బుధవారం నా బతుకుల నాలుగు సార్లు వచ్చింది. మూడు సార్లు నేను ఓడిపోయిన.

మొదటిసారి, నేనింకా బడిల పాఠాలు చెప్తున్నప్పుడు. షుగర్ గీత మీదికి వచ్చింది, కాళ్లూ చేతులూ ఆడించమని డాక్టరమ్మ అన్నది. తెల్లారే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పోయిన. ఇంటర్ల ఖోఖో ఆడిన కాళ్లు కదా, నడుసుడేందని రోషం పుట్టింది. పక్కన పోరగాండ్లు బైఠకులు తీస్తుంటే నేను సుత కొంగు బిగించి నలబై తీసిన. మూడో రోజు బాత్రూంల నల్లా పట్టుకొని లేవాల్సి వచ్చింది. పక్కింటామె "ఈ వయసుల నీకెందుకక్కా" అన్నది. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు బంద్ చేసిన. రెండోసారి 2020ల, లాక్‌డౌన్ల, అపార్టుమెంటు మెట్ల మీద. మూడోసారి రిటైరైనంక, పద్మాక్షి గుట్ట మీద. అన్ని సార్లూ మూడో రోజే. ఎన్నేండ్లయినా నేను మొదటి వారం దాటలేదన్నట్టు.

ఇప్పుడు తిరిగి చూస్తే పద్మాక్షి గుట్టనే నాకు పాఠం చెప్పింది. మీరు బతుకమ్మప్పుడు గుండం కాడ నిలబడి చూసిన్రు గదా, ఆ గుట్టనే. పైన 1117 నాటి శాసనం ఉన్నది, బేతన మంత్రి భార్య మైలమ అక్కడ జైన బసది కట్టించిందని. తొమ్మిది వందల ఏండ్ల కింద ఆడామె గుడి కట్టించిన గుట్టను నేను ఎక్కలేనా అనుకున్న. ఎక్కిన. ఎక్కేటప్పుడు ఆయాసం, గుండె దడ, రెండు చోట్ల కూసున్న. దిగేటప్పుడు మాత్రం హాయి, పాట పాడుకుంట దిగిన. మూడో రోజు నొప్పి పెట్టింది మాత్రం ఆ హాయిగ దిగిన తొడలకే.

ఇదే అసలు కీలకం, జర ఓపికతోటి వినండి.

మన ఊరి బావి యాదికున్నదా, గిరక లేనిది? బొక్కెన మీదికి గుంజేటప్పుడు అలసట వస్తది. నిండు బొక్కెనను మెల్లగ కిందికి దించాలంటే మాత్రం చేంతాడు అరచేతుల నుంచి జారుతుంటది, దాన్ని పట్టి ఆపుకుంట వదలాలె. అరచెయ్యి కమిలేది అప్పుడే. కండ సుత అంతే. మెట్లెక్కేటప్పుడు తొడ కండ కుంచించుకుంట పని చేస్తది. దిగేటప్పుడు అదే కండ సాగుతుంటది, సాగుకుంటనే ఒంటి బరువును ఆపుతుంటది. ఆ ఆపుడుకు తక్కువ పోగులే పనిల దిగుతయి, అందుకే ఒక్కో పోగు మీద భారం ఎక్కువ పడ్తది. చిట్టీ, షటిల్ అందుకోను ఉరికి, కాలు ముందుకేసి ఒంగి టక్కున ఆగినవు చూడు, ఆ ఆగుడే నీ బుధవారం.

1980లల పరిశోధకులు ఒక తమాషా పరీక్ష చేసిన్రు. మనుషులను స్టూలు మీదికి ఎక్కించి దింపిన్రు, ఎప్పుడూ ఒక కాలితోనే ఎక్కాలె, రెండో కాలితోనే దిగాలె. మనిషి ఒక్కడే, గుండె ఒక్కటే, నెత్తురు ఒక్కటే. ఎక్కిన కాలు మంచిగున్నది, దిగిన కాలుకు నొప్పొచ్చింది.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలె. ఏండ్ల తరబడి జీవశాస్త్రం చెప్పిన. శ్వాసక్రియ పాఠంల లాక్టిక్ ఆమ్లం వచ్చినప్పుడల్లా "ఇది కండరాలల్ల పేరుకుంటది, అందుకే మర్నాడు ఒళ్ళు నొప్పులు" అని నల్లబల్ల మీద గీత కొట్టి మరీ చెప్పిన. అది తప్పు. కసరత్తు ఆపినంక ఒక గంట అటుఇటుగ అది మామూలుకొస్తది, బుధవారం దాకా ఏం ఉండది. మెట్లెక్కుతున్నప్పుడే అది ఎక్కువ పుడ్తది, దిగేటప్పుడు తక్కువ. మరి నొప్పి దిగిన కాలుకు ఎట్లొచ్చింది? ఈ చిన్న ప్రశ్న అన్నేండ్లు నాకు తట్టలే, పిల్లలు సుత అడగలే. అమెరికాల థియోడర్ హఫ్ అనే ఆయన 1902లనే, ఇది అలసట నొప్పి కాదు, కండ లోపల ఎక్కడో చిరుగుల వల్ల వచ్చే నొప్పి అని రాసిండు.

చిరుగులంటే భయపడకండి. కండ పోగులల్ల సార్కోమియర్లని చిన్న చిన్న గళ్లుంటయి, ఒక మిల్లీమీటరుల వరుసగ నాలుగు వందల దాకా పట్టే అంత సన్నవి. కొత్త భారం పడితే కొన్ని గళ్లు సాగి చెదురుతయి. కొత్తవాడల జంపఖానా మగ్గం మీద పోగు తెగితే నేతాయన ఆపి ముడేస్తడు, ముడేసి మళ్లా నేస్తడు. ఒంట్ల ఆ ముడేసే పనికి నీరు చేరుతది, బాగు చేసే కణాలు వస్తయి, ఆ తావుల నరాలు చురుగ్గయితయి. ముట్టుకున్నా నొప్పే. ఇదంతా జరగటానికి సమయం పడ్తది, అందుకే నొప్పి ఆట ఆడిన పూట రాదు. మర్నాటికి మొదలైతది, రెండు మూడు రోజులకు ముదురుతది, వారంలోపల పోతది.

ముడేసిన తాన పోగు ముందుకన్న గట్టిగ అయితది. కొంచెం భారం ఒక్కసారి చూసిన కండ, అదే భారం వారం తర్వాత మళ్లా వస్తే అంత నొయ్యది. ఆ కాపు కొన్ని వారాల దాకా ఉంటది. ఖర్చంతా పెట్టింది నువ్వే, నొప్పి పడ్డది నువ్వే, లాభం చేతికొచ్చే వారంల దుకాణం మూసేస్తనంటవు. నేను మూడు సార్లు అట్లనే మూసిన. ఇన్నేండ్లల్ల నాకు దక్కింది మూడు బుధవారాలు.

ఇంకో ముచ్చట, చెప్పబుద్ధి కాదు గానీ చెప్త. మా కాలంల బడుల గుంజీలు మామూలు. ఎక్కాలు రాకపోయినా, హోంవర్కు తేకపోయినా గుంజీలే. నేను సుత తీయించిన. ఒక ఎనిమిదో తరగతి పిల్లగాడు, వానికి ఓసారి వంద చెప్పిన, లెక్క పెట్టుడు క్లాసు లీడరుకు అప్పజెప్పి నేను రికార్డు రాసుకున్న. మూడో రోజు వాడు వరండా మెట్లు గోడ పట్టుకొని ఒక్కో కాలు అడ్డంగ పెట్టుకుంట దిగిండు. నటిస్తున్నడనుకున్న. నటన కాదని బాత్రూం నల్లా పట్టుకొని లేచిన రోజు తెలిసింది. గుంజీలు అంటే ప్రతిసారీ ఒంటి బరువును తొడల మీద దించుడు. అలవాటు లేని ఒళ్ళుకు అంతకన్న పెద్ద శిక్ష వెతికినా దొరకది. అట్ల అతిగా తీసి దవాఖానాల పడ్డోళ్లు సుత ఉన్నరు. మొన్న కుమార్‌పల్లి మార్కెట్ల కనబడ్డడు వాడు, తూకం కాడ. గుర్తుపట్టి నమస్తే టీచర్ అన్నడు, రెండు టమాటలు ఎక్కువేసిండు. అడుగుదామనుకున్న, వెనుక మంది నిలబడ్డరు. టమాటలు తీసుకొని వచ్చిన.

దవాఖానా ముచ్చట ఎందుకు తెచ్చిన్నంటే, మామూలు నొప్పి ఏదో, కానిది ఏదో మీకు తెలియాలె. కండ మరీ ఎక్కువ చెదిరితే దాంట్ల ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ నెత్తుర్ల కలిసి మూత్రపిండాలను దెబ్బ తీస్తది. మూత్రం టీ డికాషన్ రంగుల వస్తే, కండ ఉబ్బి గట్టిగైతే, చెయ్యి కాలు లేపలేకపోతే, ఇంట్ల కాపడాలు పెట్టుకుంట కూసోవద్దు, ఆ పూటనే దవాఖానాకు పోవాలె. ఆడుతుంటే టక్కున పొడిచినట్టు వచ్చిన నొప్పి, కీలు మీద నొప్పి, వాపు, ఒక్క పిక్కనే ఉబ్బుడు, ఇవి సుత వేరే సంగతి. రెండు తొడలూ సమంగ నొస్తున్నయంటే, మెట్లు దిగేటప్పుడే తెలుస్తున్నదంటే, అది మన బుధవారమే. మీ నాన్న కొలెస్ట్రాల్ గోలి వేసుకుంటడు గదా, స్టాటిన్లంటరు, వాటితోని సుత కొందరికి కండలు నొస్తయి. ఆయన మళ్లా జిమ్‌కు పోతనంటున్నడు, ముందుగాల డాక్టరుకు ఒక మాట చెప్పుమనండి.

మరి నొప్పికి ఏం చేద్దాం? దీని మందు కన్న దీని మీద చెప్పే సలహాలే ఎక్కువ. అమ్మ నువ్వుల నూనె కాచి మర్దన చేస్తనంటే చేయించుకో, కొంత ఉపశమనం ఉంటది, అమ్మ పక్కన కూసున్నట్టు సుత ఉంటది. గోరువెచ్చని నీళ్లతోని తానం హాయినిస్తది. ముందో వెనుకో ఒళ్ళు సాగదీస్తే ఈ నొప్పి రాదనేది ఉత్త మాట, పరీక్షించి చూస్తే తేడా లేనట్టే ఉన్నది. నొప్పి గోలీలు రోజూ మింగొద్దు, కడుపుకూ మూత్రపిండాలకూ అది మంచిది కాదు. అన్నిటికన్న మంచిగ పనిచేసేది మెల్లగ నడుసుడు. ఎంత సేపు నడిస్తే అంత సేపు నొప్పి సడలుతది, కూసుంటే మళ్లా బిగుస్తది, అది మాయం కాదు గానీ రోజు గడుస్తది. నొప్పున్న రెండు మూడు రోజులు కాళ్లల్ల బలం నిజంగనే తగ్గి ఉంటది, అప్పుడు మాత్రం పట్టుదలకు పోయి ఉరకొద్దు, బోర్ల పడ్తరు. తిండికి పెద్ద ముచ్చట లేదు: పప్పు, గుడ్డు, బొబ్బర్ల గుడాలు, కడుపు నిండ నీళ్లు, తొందరగ నిద్ర. డబ్బాల పొడులు కొనొద్దు.

ఇంకొకటి, చిన్నోడా. మీ ఈడోళ్లు నొప్పిని మెడల్ లెక్క పెట్టుకొని తిరుగుతరు, మస్తు నొప్పుంటే మస్తు కసరత్తు అయిందని. నొప్పి ఎంతున్నదో కండ అంత చెదిరినట్టు కాదు, అంత పెరిగినట్టు సుత కాదు. నొప్పి లేకుండ సుత కండ గట్టిపడ్తది. నాకు ఇప్పుడు అట్లనే అవుతున్నది.

నాలుగోసారి ఏం చేసిన్నంటే, సిగ్గు విడిచిన. ఇంట్ల కుర్చీ ముందట నిలబడి, కూసుండి, లేచుడు. అది సుత అయిదే అయిదు సార్లు. వారంల రెండు రోజులు. మిగతా రోజులు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక. మొదటి రోజు "గింతేనా" అని నాకే నవ్వొచ్చింది, ఇంకో ఇరవై తీస్తననిపించింది. తీయలే. బుధవారం వచ్చింది, కొంచెం గుంజింది, పోయింది. అయిదు ఎనిమిదైంది, ఎనిమిది పన్నెండైంది. ఒకప్పుడు ఆడిన కండ కొత్తగ నేర్చుకునే కండకన్న తొందరగ తేరుకుంటదని చదివిన, ఖోఖో ఎక్కడికీ పోలేదన్నమాట. మా అసొంటోళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడక, రెండు రోజులు కండలకు పని ఉండాలంటది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చిన్నోడి ఈడు పిల్లలకు రోజూ ఒక గంట అంటది, వాడు ఫోన్ పట్టుకొని ఎంత సేపు కూసుంటడో లెక్క మీ అమ్మనే పెడ్తది.

చిట్టీ, నువ్వు సోమవారం మళ్లా కోర్టుకు పో. గంటన్నర వద్దు, ఇరవై నిమిషాలు చాలు. ముందుకు ఉరికి ఆగే షాట్లు తక్కువ ఆడు, సర్వీసులు ఎక్కువ వేసుకో. ఈసారి బుధవారం తక్కువ నొస్తది. నా మాట నమ్మకు, చూడు.

బస్సు దిగేటప్పుడు కమ్మి పట్టుకునే దిగు. దిగినంక నాకు ఫోన్ చెయ్యి, నేను కట్ట మీదనే ఉంట.

మీ
బాపమ్మ