ఎస్టీపీలు చాలవు, కనెక్షన్లు ఆగవు: హైదరాబాద్ మురుగు లెక్క ఎక్కడ తప్పింది

హైదరాబాద్ శివారు కాలనీల్లో మ్యాన్‌హోళ్లు పొంగిన ప్రతిసారీ లేచే మాటే మళ్లీ లేచింది. శుద్ధి చేసే దిక్కు లేనప్పుడు కొత్త డ్రైనేజీ కనెక్షన్లు ఎందుకిస్తున్నారు, ఎస్టీపీలు (మురుగు శుద్ధి కేంద్రాలు) పూర్తయ్యేదాకా ఆపేయండి అని ఒక పక్షం అంటోంది. ఆపితే ఇల్లు కట్టుకున్నవాడు మురుగు ఎక్కడ పోసుకోవాలని రెండో పక్షం అడుగుతోంది. ఈ తగువు మూలం 2000ల దశకం మధ్యలో తీసుకున్న ఒక ఇంజినీరింగ్ నిర్ణయంలో ఉంది.

జాతీయ నదుల పరిరక్షణ పథకం కింద నగరం మధ్య పారే మూసీ నదికి నిధులు వచ్చాయి. ఇంటింటి నుంచి మురుగు పైపు వేసుకుంటూ రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని దగ్గరి దారి ఎంచుకున్నారు. నాలాలు మూసీలో కలిసేచోట అడ్డుగోడ కట్టి, ఆ నీటిని పెద్ద పైపుల్లోకి మళ్లించి, అంబర్‌పేట (339 ఎంఎల్‌డీ), నాగోల్ (172), నల్లచెరువు (30) వంటి ఎస్టీపీలకు పంపడం. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. ఇంజినీర్లు ఈ పద్ధతిని ‘ఐ అండ్ డీ’ (ఇంటర్‌సెప్షన్ అండ్ డైవర్షన్, అంటే అడ్డుకుని మళ్లించడం) అంటారు.

ఆ రోజుకి అది తెలివైన పనే. కానీ దాంతో కనెక్షన్ల రిజిస్టరుకూ ఎస్టీపీకి చేరే మురుగుకూ సంబంధం తెగిపోయింది. సెప్టిక్ ట్యాంకు పొంగు నీటిని వీధి కాలువలోకి వదిలే ఇల్లుంటుంది. దానికి కనెక్షన్ లేదు, ఫైలు లేదు, అయినా దాని మురుగు అంబర్‌పేటకు చేరుతుంది. పక్కింటివాడు డబ్బు కట్టి అధికారికంగా కనెక్షన్ తీసుకున్నా, కాలనీ పైపు తీసుకెళ్లి దగ్గర్లోని నాలాలోనే కలిపి ఉంటే ఇద్దరి మురుగుదీ ఒకటే దారి. అలాంటిచోట కనెక్షన్ ఆపితే ఎస్టీపీపై భారం ఒక్క చెంబెడు కూడా తగ్గదు.

వానొస్తే సంగతి వేరు. అడ్డుగోడ ఎండాకాలపు ప్రవాహానికి సరిపడా కట్టింది. నాలా ఉరికితే మురుగూ వాననీరూ కలిసి గోడ దాటి నేరుగా నదిలో పడతాయి. పైపులోకి వెళ్లిన మిగతా నీరు ఇసుకనూ ప్లాస్టిక్‌నూ వెంట మోసుకెళ్తుంది. అంబర్‌పేట, నాగోల్‌లలో వాడింది యూఏఎస్‌బీ పద్ధతి. మురుగు కింది నుంచి బురద పొర గుండా మెల్లగా పైకి రావాలి, అందులోని బ్యాక్టీరియా పని చేయాలి. ప్రవాహం పెరిగితే పైకి వచ్చే వేగం పెరిగి ఆ బురదే కొట్టుకుపోతుంది. మళ్లీ పేరుకోవడానికి వారాలు పడుతుంది.

2007లో 12 శివారు మున్సిపాలిటీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థ) అయినప్పుడు ఈ తెగిన లెక్కకు మరో ముడి పడింది. ఆ ప్రాంతాల్లో నీళ్లు జలమండలి (నగర నీటి సరఫరా, మురుగు బోర్డు) చేతికి, మురుగు జీహెచ్‌ఎంసీ చేతికి వచ్చాయి. ఇచ్చిన నీళ్లలో సుమారు 80 శాతం మురుగై తిరిగొస్తుందన్నది ఏ డిజైన్‌లోనైనా వాడే అంచనా. నీళ్లిచ్చే సంస్థకు ఆ 80 శాతం ఎక్కడికి పోతుందో చూసుకునే బాధ్యతే లేదు. శివారు డ్రైనేజీ 2021లోగాని జలమండలి చేతికి రాలేదు. పద్నాలుగేళ్లు, అదీ నగరం అతివేగంగా పెరిగిన పద్నాలుగేళ్లు!

అదే ఏడాది లెక్క బయటికొచ్చింది. జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజుకు 1,650 ఎంఎల్‌డీ మురుగు, 25 ఎస్టీపీల సామర్థ్యం 772. సగం కూడా కాదు. 3,866 కోట్లతో 31 కొత్త ఎస్టీపీలు, 1,259.5 ఎంఎల్‌డీ మంజూరయ్యాయి. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఘన, ద్రవ వ్యర్థాల విషయంలో రాష్ట్రంపై సుమారు 3,800 కోట్ల పరిహారం వేసింది. శుద్ధికాని మురుగుకు ఎంఎల్‌డీకి 2 కోట్ల చొప్పున కట్టిన లెక్క అందులో సింహభాగం.

కనెక్షన్లు ఆపాలనేవారికి మంచి ఉదాహరణ అమెరికాలోని పెన్సిల్వేనియా. అక్కడ మురుగు సంస్థ ఏటా మార్చి 31 లోపు నివేదిక ఇచ్చి, రాబోయే ఐదేళ్ల భారాన్ని అంచనా కట్టి చూపాలి. ప్లాంటు సామర్థ్యం దాటితే కొత్త కనెక్షన్లపై నిషేధం. ఆరోగ్య ప్రమాదాన్ని తొలగించే కనెక్షన్లకు మినహాయింపు ఉంటుంది. వాదన గట్టిదే. అయితే అక్కడ పైపుకు బయట మురుగు పోసే నాలా ఉండదు. మురుగుకు దారి తేలకపోతే ఇల్లే లేవదు.

ఇక్కడ ఇల్లు ముందు లేస్తుంది. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనాలకు 21 రోజుల్లో అనుమతి తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆ భవనాల మురుగు ఏ ఎస్టీపీకి పోతుంది, అక్కడ చోటుందా అన్న ప్రశ్నకు అనుమతిని ముడిపెట్టలేదు. వంద ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి 135 లీటర్లు అనుకోండి. నీళ్లు 67,500 లీటర్లు, మురుగు రోజుకు 54,000. ఉదయం రద్దీ గంటల్లో సగటుకు రెండు మూడు రెట్లు ఒక్కసారిగా దిగుతుంది. మ్యాన్‌హోల్ పొంగేది అప్పుడే.

సొంత ఎస్టీపీ పెట్టించండి అనేది మధ్యేమార్గంగా వినిపించే మాట. 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి, ఎస్టీపీ షరతు అక్కడ వస్తుంది. దానికి కాస్త కింద ఆగే ప్రాజెక్టులు ఎందుకు ఆగుతాయో వేరే చెప్పక్కర్లేదు. కట్టినవాటిలోనూ తిప్పలే. మొదటి రెండేళ్లు ఫ్లాట్లు నిండక బ్యాక్టీరియాకు మేత చాలదు. నిండాక కరెంటు బిల్లుకు భయపడి రాత్రి బ్లోయర్ (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం) ఆపేస్తారు. ట్యాంకులో గాలి ఆగితే కొన్ని గంటల్లోనే వాసన మొదలవుతుంది. మిగులు బురద తీసేవాళ్లుండరు. బైపాస్ వాల్వు తెరిస్తే నీరు మళ్లీ నాలాకే.

ఇంజినీర్లలో కొందరు ఏళ్లుగా అడుగుతున్నది డ్రైనేజీ కనెక్షన్ దగ్గర కాదు, అంతకు ముందే గేటు పెట్టమని. ప్రతి ఎస్టీపీకి ఒక లెడ్జరు ఉండాలి, ఇప్పుడు వస్తున్న ప్రవాహంతోపాటు అనుమతి పొంది ఇంకా కట్టని భవనాల మురుగును కూడా అందులో రాయాలి. మిగులు సామర్థ్యం లేని ఎస్టీపీ పరిధిలో పెద్ద భవనాలను అనుమతి దశలోనే ఆపాలి. ఇప్పటికే మనుషులు ఉంటున్న ఇళ్లకు కనెక్షన్ ఇచ్చేయాలి. అలాంటి లెడ్జరు కావాలంటే ముందు నాలా మూసీలో కలిసేచోట కాకుండా కాలనీ పైపు చివర ఫ్లో మీటర్లు పెట్టాలి.