వాచీ చూపే అంకెలు: పరుగెత్తే పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు, మన వీధిలో తెల్లవారకముందే బూట్లు కట్టుకుని బయలుదేరే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు అడిగిన ప్రశ్నలకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. బరంపురంలో ఉన్న చిట్టితల్లి అడిగింది: "తాతయ్యా, మైదానం ఒక చుట్టు 400 మీటర్లే కదా, నాలుగు చుట్లు తిరిగితే నా వాచీ 1660 చూపిస్తోంది. చెడిపోయిందా?" ఇక్కడ సైన్యంలో చేరాలని పట్టుదలగా సాధన చేస్తున్న పెద్దబాబుది ఇంకో భయం: "మెల్లగా బయలుదేరిన రెండో నిమిషానికే గుండె వేగం 178 అంటోంది. నా గుండెకు ఏమైనా అయిందా?"

వాచీ చెడిపోలేదు, గుండెకు ఏమీ కాలేదు. కానీ ఆ రెండు అంకెలూ ఎలా పుడతాయో మీకు తెలియాలి. అది తెలియకపోతే ఒకరోజు అంకె చూసి బెదిరిపోతారు, ఇంకోరోజు అంకె చూసి పొంగిపోతారు. డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని పరుగెత్తించిన నాకు ఈ రెండూ నచ్చవు.

ముందు దూరం సంగతి. మెరుపు మెరిశాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో అంచనా వేస్తాం కదా, మనం ఉన్న చోటును ఉపగ్రహాల సాయంతో వాచీకి చెప్పే జీపీఎస్ కూడా కాలాన్ని కొలిచే దూరం చెబుతుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు "ఇప్పుడు సమయం ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని ఎడతెగకుండా రేడియో సంకేతం పంపుతూ ఉంటాయి. ఆ సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చి, సెకనులో పదో వంతు కూడా గడవకముందే మీ మణికట్టును చేరుతుంది. ఎంతసేపట్లో చేరిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో వాచీ లెక్క కడుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఉన్న చోటు తేలిపోవాలి. అయినా నాలుగోది కావాలి. ఎందుకంటే ఉపగ్రహంలో ఉన్నది ఎంతో కచ్చితమైన అణుగడియారం, మీ చేతికి ఉన్నది మామూలు క్వార్ట్జ్ గడియారం. సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. మీ వాచీలో ఉన్న ఆ తేడాను పట్టుకోవడానికే నాలుగో ఉపగ్రహం.

భౌతికశాస్త్రం ఇష్టపడేవారికి మరో మాట. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ఆ ఎత్తులో, ఆ వేగంలో ఉపగ్రహ గడియారం నేలమీది గడియారం కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే పది కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుపోతుంది. సాపేక్ష సిద్ధాంతం పరీక్షలో మార్కుల కోసం మాత్రమే అనుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇక చిట్టితల్లికి ప్రత్యేకంగా ఒక పేరు చెబుతాను: గ్లాడిస్ వెస్ట్. వర్జీనియాలో పొలం పనులు చేసుకునే నల్లజాతి కుటుంబంలో 1930లో పుట్టి, గణితం చదివి, అమెరికా నౌకాదళ కేంద్రంలో భూమి అసలు ఆకారాన్ని లెక్కగట్టే పని చేసింది. భూమి నున్నటి బంతి కాదు. దాని ఎగుడుదిగుళ్ళ లెక్క లేకుండా జీపీఎస్ ఇంత కచ్చితంగా పనిచేసేది కాదు.

ఈ జీపీఎస్ ఏర్పాటు అమెరికా సైన్యానిది. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. మామూలు జనానికి అందే సంకేతాన్ని వాళ్ళు కావాలనే చాలాకాలం మసకబార్చి ఉంచి, 2000 మే నెలలో ఆ తెర తీసేశారు. ఆ తర్వాతే మణికట్టు మీద పరుగు దూరం కొలవడం అర్థమున్న పని అయింది. ఇప్పుడు రష్యా, ఐరోపా, చైనాల ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. మన దేశం సొంతంగా నిలబెట్టుకున్న నావిక్ ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది. కొన్ని వాచీలు వీటిలో ఒకటికి మించి పట్టుకుంటాయి. అమరికల్లో ఆ సౌకర్యం ఉంటే వాడుకోండి, బ్యాటరీ కాస్త త్వరగా అయిపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు ఆ 1660 సంగతి. 400 మీటర్లనేది లోపలి అంచును ఆనుకుని పరుగెత్తేవారికి. గీతకు ఒక మీటరు బయటగా పరుగెత్తితే ఒక్కో చుట్టుకు అదనంగా 6.28 మీటర్లు పడుతుంది. మైదానం పెద్దదైనా చిన్నదైనా ఇంతే. వ్యాసార్ధం ఒక మీటరు పెరిగితే చుట్టుకొలత రెండు పైలు (2π) మీటర్లు పెరుగుతుంది, మీ లెక్కల పుస్తకంలో ఉన్నదే. మీరు ముగ్గురు స్నేహితురాళ్ళూ పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతారని నాకు తెలుసు. చివర ఉన్నది నువ్వే అయితే సున్నపు గీతకు రెండు మీటర్లు బయట ఉన్నావు తల్లీ. నాలుగు చుట్లకు 50 మీటర్లు నువ్వు నిజంగానే ఎక్కువ పరుగెత్తావు! మిగిలిన పది మీటర్లే వాచీ తప్పు.

ఆ తప్పు ఎక్కడినుంచి వస్తుందంటే, ఆకాశం బాగా కనిపించే చోట కూడా జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. వాచీ సాధారణంగా సెకనుకో చుక్క పెట్టి ఆ చుక్కల్ని కలుపుతుంది. చుక్కలు ఊగితే తిన్నని దారి వంకరపోయి పొడవు పెరుగుతుంది, మలుపుల్లో మూల కోసుకుపోయి తగ్గుతుంది. మహేంద్రగిరి వైపు కొండదారిలో, చెట్ల గుబురు కింద అయితే సంకేతం కొండరాయికి తగిలి ఆలస్యంగా వస్తుంది. అక్కడ మీ గీత రోడ్డు వదిలి చెరువులోంచి వెళ్ళినట్టు కనిపించినా ఆశ్చర్యపోకండి.

కాబట్టి ఒక అలవాటు చేసుకోండి. ఇంటి చూరు కిందనుంచే బటన్ నొక్కి పరుగు మొదలుపెట్టవద్దు. ఆరుబయటకు వచ్చి నిలబడండి, వాచీ సిద్ధమని చెప్పేదాకా ఆగండి. ఒక్కో ఉపగ్రహం తాను ఎక్కడున్నదీ చెప్పే పూర్తి సమాచారాన్ని పంపడానికే 30 సెకన్లు తీసుకుంటుంది. ఆలోగా కాళ్ళు, నడుము సాగదీసుకోండి. పరుగులో ఉండగా క్షణక్షణం మారే వేగాన్ని చూడవద్దు, అది ఊగిసలాడుతుంది. కిలోమీటరు పూర్తయ్యాక వచ్చే సగటును చూడండి.

పెద్దబాబూ, నీకు మైదానంలో జీపీఎస్ అవసరమే లేదు. సైన్యం భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపు పూర్తిచేసినవాడు మొదటి వర్గంలో నిలుస్తాడు. అంటే 400 మీటర్ల చుట్టుకు 82 సెకన్లు. స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రతి చుట్టుకూ ల్యాప్ బటన్ నొక్కు. మొదటి చుట్టు 72లో కొట్టి చివరి చుట్టు ఈడ్చుకుంటూ వచ్చే కుర్రాళ్ళను చాలామందిని చూశాను. నాలుగు చుట్లూ సమంగా పరుగెత్తడం నేర్చుకో.

ఇక నీ 178. వాచీని తిప్పి వెనకవైపు చూడు. మిణుకుమిణుకుమనే పచ్చటి దీపాలు, వాటి పక్కన చిన్న గాజు కిటికీ ఉంటాయి. రక్తం పచ్చని కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింది సన్నని నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, అప్పుడు తిరిగివచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కించి వాచీ గుండె వేగం చెబుతుంది. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ కూడా ఈ పద్ధతిదే, అందులో వాడేది ఎర్రటి కాంతి, పరారుణ కాంతి.

అయితే పరుగులో చెయ్యి ఊగుతుంది. వాచీ వదులుగా ఉంటే అడుగడుగుకూ అదిరి, బయటి వెలుతురు లోపలికి పోతుంది. అప్పుడు వాచీ గుండె దెబ్బలకు బదులు అడుగులు లెక్కపెడుతుంది. పరుగెత్తేవారి అడుగులు నిమిషానికి సాధారణంగా 160 నుంచి 180 దాకా ఉంటాయి. నీ 178 అదేనని నా నమ్మకం. ధనుర్మాసం చలిలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే చేతులు చల్లబడితే చర్మానికి రక్తం తక్కువగా వస్తుంది. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, కదలకుండా, అలాగని తిమ్మిరెక్కకుండా బిగించు. పచ్చబొట్టు ఉన్నచోట పెట్టవద్దు, ఆ రంగు కాంతిని అడ్డుకుంటుంది.

అనుమానం వచ్చినప్పుడు నాడి చూసుకో. ఆగి, అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి మొదలుకు దిగువన మణికట్టు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించు. ఆ వేళ్ళ కింద చిన్నగా ఎగిరిపడేదే నీ గుండె దెబ్బ. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉండి తికమక పెడుతుంది. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించు. ఆగాక వేగం త్వరగా దిగిపోతుంది కాబట్టి వెంటనే చూడాలి. వాచీ 178 అంటే నీ వేళ్ళు 130 అన్నాయనుకో, వేళ్ళనే నమ్ము. ఇంకా కచ్చితంగా కావాలంటే ఛాతీ పట్టీ ఉంది. అది వెలుగుతో కాదు, గుండె నుంచి పుట్టే విద్యుత్తుతో లెక్కిస్తుంది. తీగల్లేని ఇలాంటి యంత్రాన్ని ఫిన్లాండుకు చెందిన పోలార్ కంపెనీ 1980ల మొదట్లోనే క్రీడాకారుల చేతికిచ్చింది. పట్టీ లోపలివైపును నీటితో తడిపి కట్టుకుంటేనే సరిగా పనిచేస్తుంది.

వాచీ మీ పరుగును రంగురంగుల మండలాలుగా విడగొట్టి చూపిస్తుంది. ఆ రంగులకు ఆధారం ఒక్కటే: మీ గుండె గరిష్ఠంగా ఎంత వేగం పోగలదో వాచీ వేసుకున్న అంచనా. అది చాలాసార్లు 220లోంచి వయసు తీసేసిన లెక్క. 1970ల మొదట్లో పుట్టిన ఈ సూత్రం సగటు మనిషిది. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పదీ పన్నెండు దెబ్బల తేడా మామూలే, ఎదిగే పిల్లలకు ఇది ఇంకా తక్కువగా సరిపోతుంది. కాబట్టి ఎర్ర రంగు వచ్చిందని బెంగపెట్టుకోవద్దు, రాలేదని ఉరకనూవద్దు. పరుగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా? అయితే అది తేలిక పరుగు. వారంలో ఎక్కువ రోజులు అలాగే పరుగెత్తాలి. ఈ మాట మన కుర్రాళ్ళ చెవికెక్కడం లేదు, రోజూ ఊపిరి తెగేలా పరుగెత్తితేనే సాధన అనుకుంటున్నారు. 2006లో మన ఒడిశాలోనే నాలుగేళ్ళ పసివాడి చేత పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నాకు ఇప్పటికీ ఆ బిడ్డను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. పెద్దవాళ్ళు ఎంత పొగిడినా సరే, ఒళ్ళు వద్దన్నప్పుడు ఆగిపోండి.

బరంపురం, గోపాలపురం వైపు ఉక్కపోత మీకు తెలియనిది కాదు. ఎండాకాలంలో అదే దారిలో అదే వేగంతో వెళ్ళినా గుండె వేగం ఎక్కువ కనిపిస్తుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటతో నీరు పోతుంది, ఒక్కో దెబ్బకు గుండె తోయగల రక్తం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికే ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అలాంటప్పుడు వేగం తగ్గించుకోవాలి. ఈ ఒక్క విషయంలో వాచీ మీకు నిజంగా మేలు చేస్తుంది, ఎందుకంటే పౌరుషం ఉన్న పిల్లలకు వేడి తలకెక్కేదాకా తెలియదు.

ఇంకో మేలు కూడా ఉంది. పొద్దున్నే మంచం దిగకముందు గుండె వేగం చూసి రాసిపెట్టుకోండి. కొన్నాళ్ళకు మీ మామూలు అంకె తెలుస్తుంది, సాధన కుదిరేకొద్దీ అది మెల్లగా తగ్గుతుంది. ఏదో ఒకరోజు అది పది దెబ్బలు పెరిగిందంటే నిద్ర చాలలేదో, అలసట తీరలేదో, జ్వరం వస్తోందో. ఆ రోజు పరుగు మానేయండి. మన కొండల వైపు మలేరియా సంగతి తెలుసు కదా, ఒళ్ళు వెచ్చబడితే అమ్మానాన్నలకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడబోయినా వాచీ వైపు చూడనే వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఖర్చయిన కేలరీలు, నిద్రకు మార్కులు, ఇన్ని గంటలు విశ్రాంతి తీసుకోమనే సలహాలు అన్నీ అంచనా మీద వేసిన అంచనాలు. చూసి వదిలేయండి.

ఒక్కటి మాత్రం ఈ రోజే చేయాలి. మీ పరుగు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూస్తే మీ ఇల్లు తెలిసిపోతుంది, రోజూ ఏ వేళకు ఏ దారిలో ఒంటరిగా ఉంటారో తెలిసిపోతుంది. పరుగులు నమోదు చేసే స్ట్రావా అనే యాప్ 2017 నవంబరులో ప్రచురించిన పరుగుల పటంలో ఎడారుల్లోని సైనిక స్థావరాల దారులు కూడా వెలుగుతూ కనిపించాయి, సైనికులు వాచీలు పెట్టుకుని పరుగెత్తారు మరి. అందుకని మీ యాప్‌లో పరుగులు ఎవరికి కనిపించాలన్న చోట మీకు మాత్రమే అని పెట్టండి, ఇంటి చుట్టుపక్కల దారి దాచే అమరిక ఉంటే అదీ పెట్టండి. చిట్టితల్లీ, నీ ఫోనులో అది ఎక్కడుందో దొరక్కపోతే మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని వెతుకు. పెట్టేశాక నాకు చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య