పల్లె దారుల్లో జాగింగ్: అపోహలు – వాస్తవాలు

లేఅవుట్ చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి, శని ఆదివారాల్లో దేవనహళ్ళి, నంది, చిక్కబళ్ళాపురం వైపు పల్లెలకు పరుగు కోసం వెళ్ళే బెంగళూరు తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకు శిక్షణ ఇచ్చే మాకు ప్రతి బ్యాచ్‌లోనూ అవే మాటలు వినబడతాయి. వాటిలో ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: "పల్లె రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఎడమ పక్క అంచున పరుగెడితే చాలు."

ఇందులో రెండు తప్పులున్నాయి. తెల్లవారుజామున పల్లె రోడ్డు ఖాళీగా ఉండదు. పాల వ్యాన్లు, మార్కెట్‌కు కూరగాయలు, పూలు తీసుకెళ్ళే టెంపోలు, ఎయిర్‌పోర్ట్ ట్యాక్సీలు తిరిగే వేళ అది. రోడ్డు ఖాళీ అని మీరనుకున్నట్టే డ్రైవరూ అనుకుంటాడు, అందుకే వేగంగా వస్తాడు.

రెండోది, ఎడమ పక్క. ఎడమన పోవాలన్నది బండ్లకు పెట్టిన నియమం. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కాలినడకన పోయేవాళ్ళు కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనిపించేలా నడవాలి. పరుగుకూ అంతే. గంటకు 60 కి.మీ. వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకొస్తుంది. మనిషిని గమనించి డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, ఆలోపే 25 మీటర్లు వచ్చేస్తుంది. బండి ఆగడానికి పట్టే దూరం ఆ పైన. డిమ్ లైట్‌లో నల్ల టీషర్టు వేసుకున్న మనిషి అంత దూరం నుంచి కనబడడు. బండి వెనక నుంచి వస్తే మీ ప్రాణం పూర్తిగా ఆ డ్రైవరు చూపు మీదే ఆధారపడుతుంది. ఎదురుగా వస్తే, అతను చూడకపోయినా, మీరు ఒక అడుగు పక్కకు వేయగలరు. ఆ ఒక్క అడుగు కోసమే మేం ఇంతగా మొత్తుకునేది.

కుడి పక్కన పరుగెత్తడంలోనూ కొన్ని మెలకువలున్నాయి. రోడ్డు కుడివైపు తిరిగే మలుపులో, ముఖ్యంగా పక్కన నీలగిరి తోపో, కంచె పొదలో ఉంటే, ఎదురొచ్చే బండికి మీరు కనబడరు. మలుపుకు ఓ 50 మీటర్ల ముందే ఆగి, వెనక్కి కూడా చూసుకుని ఎడమ అంచుకు దాటండి. మలుపు తిరిగాక మళ్ళీ కుడికి రండి. పిట్టగోడలున్న ఇరుకు కల్వర్టు మీద తప్పుకోవడానికి చోటుండదు. అక్కడ బండి వస్తుంటే ఇవతలే ఆగి పోనివ్వండి. ఇక ఓవర్‌టేక్ చేసే బండి వెనక నుంచి మీ పక్కకే వస్తుంది. దాన్ని పసిగట్టడానికి చెవులు తప్ప దారి లేదు, కాబట్టి ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే పెట్టి రండి. గుంపుగా వెళ్తే ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి, కబుర్లు తర్వాత.

తారు రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది. ఎప్పుడూ కుడి అంచునే పరుగెడితే కుడి పాదం పల్లంలో పడుతూ ఉంటుంది. తుంటి పక్కన, మోకాలి బయటివైపు నొప్పి మొదలైతే ఈ వాలు కూడా కారణం కావచ్చు. మట్టి పక్క చదునుగా ఉన్నచోట అక్కడికి దిగండి. ముందూ వెనకా దూరం వరకు కనిపించే తిన్నని రోడ్డయి, బండి లేకపోతే కాసేపు మధ్యకు రండి.

వెలుతురు సంగతి. బెంగళూరులో జనవరి చివర సూర్యోదయం 6:45 ప్రాంతంలో అవుతుంది, జూన్ మొదట్లో 5:55 లోపే. ఏడాదంతా ఒకే టైముకు బయల్దేరకండి. చీకట్లో వెళ్ళక తప్పకపోతే తలకు టార్చి, నడుము వెనక ఎర్ర బ్లింకర్ పెట్టుకోండి. రిఫ్లెక్టర్ పట్టీలు చొక్కా మీదకంటే చీలమండలకు కట్టుకుంటే మేలు. పైకీ కిందికీ ఆడే మెరుపును చూసి అది మనిషని డ్రైవరు చప్పున గుర్తుపడతాడు. పట్టీ తనంతట తాను వెలగదు, లైటు పడితేనే మెరుస్తుంది. కాబట్టి అది టార్చికి బదులు కాదు. దట్టమైన పొగమంచుంటే రోడ్డు పరుగు మానేయండి.

రాగి కోతల తర్వాత ఈ పల్లెల్లో పంటను రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు. సగం రోడ్డు గడ్డికే పోతుంది, బండ్లన్నీ మిగతా సగంలోకి వస్తాయి, పొట్టు మీద బూటు జారుతుంది. అక్కడ పరుగు ఆపి నడవండి. గింజల మీదుగా మాత్రం వెళ్ళకండి, అది వాళ్ళ ఏడాది కష్టం.

అపోహ: "కుక్క వెంటపడితే స్పీడు పెంచాలి. కరిస్తే టీటీ చాలు."

కుక్కలంటే భయపడి పల్లె దారే మానుకున్నవాళ్ళున్నారు. ఆ భయంలో తప్పేమీ లేదు. కానీ చాలా కుక్కలు తమ ఇల్లో, పొలమో, గొర్రెల మందో కాచుకుంటున్నాయి. మీరు ఆ హద్దు దాటేదాకానే వాటి గోల. అరుపు వినగానే పరుగు ఆపండి. వీపు తిప్పకుండా, కళ్ళలోకి సూటిగా చూడకుండా, చేతులు కిందికి ఉంచి పక్కగా నడుస్తూ దాటండి. రాయి తీస్తున్నట్టు వంగితే చాలాసార్లు వెనక్కి తగ్గుతాయి. నిజంగా విసిరితే ఇంకా రెచ్చిపోతాయి.

కరిస్తే, గోరు గీరుకున్నా సరే, సబ్బు వేసి కారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ రాయకండి. అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కిస్తే, కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను ఎదుర్కొనే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయాలి. టీటీ ధనుర్వాతానికి, రేబిస్‌కు కాదు. "పెంపుడు కుక్కేలే, పది రోజులు చూద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. కుక్కను పది రోజులు గమనించడం టీకా మొదలుపెట్టాక చేయాల్సిన పని. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

"మట్టిదారి మోకాళ్ళకు మంచిది, ఎంతైనా పరుగెత్తొచ్చు" అనేది సగం నిజం. మెత్తని, ఎగుడుదిగుడు నేల మీద పిక్కలకూ చీలమండలకూ పని పెరుగుతుంది. మీ మామూలు దూరంలో పావు వంతు మట్టి మీద మొదలుపెట్టి, వారాల మీద పెంచండి. చూపు మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. వాన పడిన మర్నాడు ఎర్రమట్టి బూటుకు అంటుకుని అడుగు బరువెక్కుతుంది, ఆ రోజు తారు రోడ్డే నయం. వాచీలో వేగం తగ్గిందని కంగారుపడకండి, ఎత్తుపల్లాల్లో తగ్గక మానదు. బోరు నీళ్ళ మీదా ఆశ పెట్టుకోకండి, త్రీఫేజ్ కరెంటు ఉంటేనే ఆ మోటారు ఆడుతుంది. గంట దాటే పరుగుకు అర లీటరు వెంట ఉండాలి.

చెరువు కట్ట మీద గడ్డి పెరిగిన కాలంలో చీకట్లో వెళ్ళకండి. రక్తపింజరి, కట్లపాము ఉండే చోట్లవి. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు. బూటు, కాలి పట్టీ తీసేసి, కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేరాలి.

ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పది కిలోమీటర్ల ఒంటి దారి పెట్టుకోకండి. ఊరి చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల చుట్టు ఒకటి చూసుకుని దాన్నే నాలుగుసార్లు తిరగండి. ఎక్కడ ఆగిపోయినా ఊరు కిలోమీటరు లోపే ఉంటుంది. మొదటిసారి పగటిపూట నడిచి చూడండి. మ్యాపులో దారిగా కనిపించేది ఒక్కోసారి ఎవరి పొలం గట్టో, లేఅవుట్ గేటో అవుతుంది. పొద్దున పాల డెయిరీ దగ్గర క్యాన్లతో జనం ఉంటారు, మీ చుట్టు అటుగా పోయేలా చూసుకోండి. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు చాలా ఊళ్ళలో తెలుగే మాట్లాడతారు. "అన్నా, ఈ బాటలో కుక్కలున్నాయా?" అని అడిగితే ఏ మలుపులో ఎవరి కుక్క ఉందో వాళ్ళే చెప్తారు.