అరవై దాటాక చల్లటి నదిలో కయాకింగ్: అపోహలు - వాస్తవాలు

కయాకింగ్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో నదిలో వెళ్లడం, నేర్పడం నా పని. నాకిప్పుడు 62. నా దగ్గరికొచ్చే వాళ్లలో నా ఈడువాళ్లు చాలామందే ఉంటారు, నిజం చెప్పాలంటే కుర్రాళ్లకంటే వీళ్లతోనే నాకు టెన్షన్ ఎక్కువ. కుర్రాళ్లకు ఏమీ తెలియదు కాబట్టి చెప్తే వింటారు. మనకేమో ముప్పై ఏళ్ల అనుభవం ఉంటుంది, అది ఒక పట్టాన ఎవరి మాటా విననివ్వదు.

అపోహ: చల్లటి నీళ్లలో ప్రాణం తీసేది హైపోథర్మియా, దానికి టైమ్ పడుతుంది, ఈలోపు ఒడ్డెక్కేస్తాం.

టైమ్ పడుతుందన్నది నిజమే, ఒళ్లు లోపలిదాకా చల్లబడడానికి మంచులాంటి నీళ్లలో కూడా అరగంట పైనే పట్టొచ్చు. కానీ చాలామంది అంతదాకా ఉండరు. నీళ్లలో పడగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తాం, ఆ క్షణంలో తల నీళ్లకింద ఉంటే లోపలికి పోయేది గాలి కాదు. ఆ వెంటనే రొప్పు మొదలవుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ ఎగుస్తుంది. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. ఇందుకు మంచుగడ్డలు తేలక్కర్లేదు, నీళ్లు 15 డిగ్రీల లోపుంటే చాలు. పైగా చలికి గుండె పరుగెత్తాలని చూస్తుంటే, మొహం నీళ్లలో మునగడం వల్ల వచ్చే రిఫ్లెక్స్ దాన్ని నెమ్మదించమంటుంది. ఈ లాగుడుపీకుడులో గుండె లయ తప్పొచ్చు, గుండె అప్పటికే కాస్త బలహీనంగా ఉంటే మరీను.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం పరిశోధకుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 అనే లెక్క ఒకటుంది: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. ఇది మంచునీళ్లకు వేసిన ఉజ్జాయింపు లెక్క, వాచీ పెట్టుకుని చూసుకునేది కాదు. మొదటి నిమిషంలో మాత్రం ఈదబోకండి, లైఫ్ జాకెట్ మీద తేలుతూ ఊపిరి సర్దుకోండి, బండరాళ్లో కూలిన చెట్టో మీదికొస్తుంటే తప్ప.

ఆ పది నిమిషాల సంగతి చెప్తే ఎవరూ నమ్మరు, అందుకే నా క్లాసులో బకెట్ నీళ్లలో ఐస్ వేసి రెండు చేతులూ ముంచిస్తాను (బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లతో చేయించను). మూడు నిమిషాల తర్వాత లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోమంటాను. ఒకాయన నలభై ఏళ్లు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి. బకిల్ రెండు ముక్కల్నీ ఎదురెదురుగా తెచ్చారు, నొక్కలేకపోయారు. వేళ్లు ఉన్నాయి, కదలట్లేదు. తర్వాత స్ప్రే స్కర్ట్ (నీళ్లు పడవలోకి రాకుండా నడుం చుట్టూ కట్టుకుని కయాక్ మీద బిగించే గుడ్డ) ముందుండే లూప్ పట్టుకుని లాగమంటే పట్టు జారిపోయింది. తలకిందులుగా ఉన్నప్పుడు కయాక్‌లోంచి బయటపడడానికి లాగాల్సింది ఆ లూప్‌నే. ఆయన ఏమీ మాట్లాడకుండా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు.

అపోహ: ఎండ బాగా కాస్తోంది, పల్చటి బట్టలు చాలు.

బట్టలు నీళ్లకోసం వేసుకోవాలి, ఎండకోసం కాదు. డ్రై సూట్ నీటిని ఆపుతుంది, అంతే, వెచ్చదనం లోపల వేసుకున్న ఉన్ని లేదా ఫ్లీస్ నుంచి రావాలి. కాటన్ వద్దు. వయసు పెరిగేకొద్దీ చర్మంలో రక్తనాళాలు ముడుచుకోవడం మందగిస్తుంది, వణుకు తగ్గుతుంది, చలి వేస్తోందని తెలియడం కూడా ఆలస్యమవుతుంది. కాబట్టి "నాకేం చలి లేదే" అని మన వయసువాళ్లు అంటే నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: నాకు రోల్ (బోల్తాపడిన కయాక్‌ని అందులో కూర్చునే తిరిగి నిలబెట్టడం) వచ్చు, తిరగబడినా లేచేస్తాను.

స్విమ్మింగ్ పూల్‌లో వచ్చా, నదిలో వచ్చా? ఊపిరి బిగబట్టలేని చల్లటి నీళ్లలో, సుడులు లాగుతుంటే, అదే రోల్ సగంలో ఆగిపోతుంది. ఇక భుజం. వయసుతో భుజం కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు అరిగి ఉండొచ్చు, తెడ్డుని తలపైకెత్తి నీటిమీద ఆనించబోతే కీలు జారిపోవచ్చు. మోచేతులు కిందికి, ఒంటికి దగ్గరగా ఉంచండి.

అపోహ: మోకాలి లోతే కదా, లేచి నిలబడితే సరి.

ఇది మాత్రం వయసుతో పనిలేకుండా ఎవరినైనా ముంచుతుంది. పాదం రెండు రాళ్లమధ్య ఇరుక్కుంటే వెనకనుంచి నీళ్లు తోసి మొహం కిందికి పడేస్తాయి, నడుంలోతు లేకపోయినా. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు పైకి, నది పారే దిక్కుకు పెట్టి తేలాలి, ఒడ్డు దగ్గర నెమ్మదైన నీళ్లు చేరాకే లేవాలి. కూలిన చెట్టు ఎదురైతే మాత్రం పద్ధతి వేరు: బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి గట్టిగా ఈదుతూ దాని పైకి ఎక్కాలి.

అపోహ: రోజూ వేసుకునే మాత్రలకూ కయాక్‌కూ సంబంధం లేదు.

ఉంది. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెరగనివ్వవు, ఎదురు ప్రవాహంలో గట్టిగా తెడ్డు వేయాల్సినప్పుడు దమ్ము చాలదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా పెద్ద విషయమే. డాక్టర్ని "వ్యాయామం చేయొచ్చా" అని కాదు, "చల్లటి నీళ్లలో పడితే ఎలా" అని అడగండి. బ్రాందీ వెచ్చదనం గురించి అడిగేవాళ్లకు: అది ఒంట్లో వేడిని చర్మంలోంచి బయటికి పంపేస్తుంది.

అపోహ: ఈ నది నాకు కొట్టిన పిండి.

హిమానీనదాల నీటితో పారే నది పొద్దున ఒకలా, మంచు కరిగాక మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. పైన డ్యామ్ ఉంటే గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలుసుకోవాలి. నదుల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు కదా, నీళ్లు 10 డిగ్రీల లోపుంటే ఒక తరగతి పైకి వేసుకోమని అమెరికన్ వైట్‌వాటర్ సంస్థ చెప్తుంది. నా వయసుకి నేను ఇంకొకటి కూడా కలుపుకుంటాను, అది నా సొంత లెక్క.

ఎన్నిసార్లు దిగానో లెక్కలేని ఒక వంపు దగ్గర, ఒక వసంతంలో, రాత్రికి రాత్రి కూలిన చెట్టు నదికి అడ్డంగా ఉంది. నేను చూసేసరికి మధ్య దూరం పది మీటర్లు. పక్కన ఒడ్డువైపు నీళ్లు నెమ్మదిగా వెనక్కి తిరిగే చోటులోకి తిప్పగలిగాను కానీ, తిప్పానో తిరిగిందో ఇప్పటికీ చెప్పలేను. అప్పటినుంచి ఆ వంపు ముందే ఒడ్డుకొచ్చి, దిగి, నడిచివెళ్లి చూసొస్తాను. కుర్రాళ్లు కయాక్‌లలో కూర్చుని ఎదురుచూస్తుంటారు, కొందరు నవ్వుకుంటారు కూడా.