కెమెరా డబ్బులో లెన్స్ వాటా ఎంత?

మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల కెమెరా) కొనేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది మెగాపిక్సెల్స్ ఎన్ని అని. బడ్జెట్ తక్కువగా ఉన్నప్పుడు ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఉన్న కాస్త డబ్బూ అక్కర్లేని చోటికి పోతుంది. 24 మెగాపిక్సెల్స్ అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు, మొత్తం 2.4 కోట్లు. 4కె టీవీ తెర నిండా బొమ్మ కనిపించడానికి సుమారు 83 లక్షల చుక్కలు చాలు. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పుతో, అంగుళానికి 300 చుక్కల చొప్పున మంచి ప్రింటు వేయించుకున్నా 87 లక్షలు దాటవు. పదేళ్ల కిందటి మామూలు డీఎస్ఎల్ఆర్ కూడా దాదాపు అంతకు రెట్టింపు ఇస్తుంది. పైగా 12 మెగాపిక్సెల్స్ నుంచి 24కి వెళితే బొమ్మ పొడవులో పెరిగే చుక్కలు 40 శాతం మాత్రమే.

ఫోటో నాణ్యతను ఎక్కువగా తేల్చేది సెన్సర్‌కు, అంటే కెమెరా లోపల బొమ్మను పట్టే చిప్‌కు, అందిన వెలుతురు. కాంతి ఫోటాన్లనే చిన్న కణాలుగా వచ్చి పడుతుంది, ఆ పడటం ఎప్పుడూ ఒకే లెక్కన ఉండదు. ఒక పిక్సెల్‌కు సగటున 100 ఫోటాన్లు అందే చోట ఆ సంఖ్య పది అటూ ఇటూ ఊగుతుంది, అంటే 10 శాతం తేడా. 10,000 అందితే ఊగేది 100, అంటే 1 శాతమే. మసక వెలుతురులో తీసిన ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే నాయిస్‌లో పెద్ద భాగం ఇదే. ఇది కాంతి స్వభావం. ఎంత ఖరీదైన కెమెరా అయినా దీన్ని లేకుండా చేయలేదు. ఎక్కువ ఫోటాన్లను పోగేసుకోవడం ఒక్కటే దారి. అందుకు సెన్సర్ పెద్దదిగా ఉండాలి, లేదా లెన్స్ వెడల్పుగా తెరుచుకోవాలి, లేదా షట్టర్ (సెన్సర్ ముందున్న తలుపు) ఎక్కువసేపు తెరిచి ఉంచాలి.

సెన్సర్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. తక్కువ ధర డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సి సెన్సర్ వైశాల్యం అందులో సగం కంటే తక్కువ, నికాన్‌లో సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు, కెనాన్‌లో ఇంకాస్త తక్కువ. అయినా చాలా ఫోన్లలోని ప్రధాన సెన్సర్ వంద చదరపు మిల్లీమీటర్లకు కూడా రాదు కాబట్టి, ఫోన్ నుంచి వచ్చేవారికి ఇదే పెద్ద మెట్టు. ఫుల్‌ఫ్రేమ్ బాడీ (లెన్స్ లేని కెమెరా) పాతది చవగ్గా దొరికినా దానికి తగ్గ లెన్సుల ధర, బరువు రెండూ ఎక్కువే. మొదటి కెమెరాకు ఏపీఎస్-సి నిస్సందేహంగా చాలు.

అసలు విషయం లెన్స్. బాడీతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దగ్గరికి జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఈ ఎఫ్ సంఖ్య ఒక భాగహారం: లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను దానితో భాగిస్తే కాంతి వచ్చే దారి వ్యాసం తెలుస్తుంది. 55ను 5.6తో భాగిస్తే 10 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌లో ఆ వ్యాసం దాదాపు 28 మిల్లీమీటర్లు. సెన్సర్ మీద పడే వెలుతురు తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. ట్యూబ్‌లైటు గదిలో కిట్ లెన్స్‌తో సెకనులో 15వ వంతు తెరవాల్సి వస్తే, ఈ లెన్స్‌తో 125వ వంతు సరిపోతుంది. మొదటిదానిలో ఆడుకుంటున్న పిల్ల మొహం చెదిరిపోతుంది, రెండోదానిలో చాలావరకు స్పష్టంగా నిలుస్తుంది. కిట్ లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును సర్దగలదు, ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. ఈ తేడా తెలియక లెన్స్ మార్చాల్సింది పోయి బాడీ మార్చేవాళ్లు ఉన్నారు, అది నిజంగా బాధ కలిగించే ఖర్చు.

ఇంత వెలుతురు ఇచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ చాలా కంపెనీల దగ్గర అన్నిటికంటే చవకైన వాటిలో ఒకటి కావడం వెనక చక్కటి కారణం ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య అద్దం ఊగాలి కాబట్టి కొంత ఖాళీ తప్పదు. లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్ దాకా కెనాన్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో 46.5. ఫోకల్ లెంగ్త్ ఈ దూరం కంటే కాస్త ఎక్కువున్న లెన్స్‌కు సాదా నిర్మాణం సరిపోతుంది. 1896లో పాల్ రుడోల్ఫ్ జైస్ కంపెనీ కోసం రూపొందించిన ప్లానార్ నమూనా వారసత్వంతోనే, ఆరేడు గాజు కటకాలతో పని జరిగిపోతుంది. 35కో 18కో దిగితే బొమ్మను అంత వెనక్కి నెట్టడానికి అదనపు గాజు కావాలి, ధరా పెరుగుతుంది.

అయితే ఏపీఎస్-సి మీద 50 ఎంఎం లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌లో 75 లేదా 80లా చూపిస్తుంది, అంటే దృశ్యంలో తక్కువ భాగమే ఫోటోలో పడుతుంది. మొహాలకు బాగుంటుంది, చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. ఇంట్లోనే ఎక్కువ తీసేవారికి 35 ఎంఎం ఎఫ్ 1.8 మేలు. కిట్ లెన్స్‌ను మాత్రం తీసిపారేయకండి, పగటి వెలుతురులో ఎఫ్ 8 దగ్గర అది చాలా బాగా తీస్తుంది.

నన్నడిగితే ఉన్న డబ్బులో సగం దాకా లెన్సులకే పెట్టాలి, బాడీని సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాలి. బాడీలో ఎలక్ట్రానిక్స్ కొన్నేళ్లకే పాతబడతాయి, మంచి గాజు దశాబ్దాలు నడుస్తుంది. అందుకే బాడీ కంటే ముందు మౌంట్ (లెన్స్‌ను బిగించే అమరిక) ఎంచుకోవాలి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి, కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి ఉన్నాయి, పాత లెన్సులు విరివిగా దొరుకుతాయి. ఒక చిక్కుంది: నికాన్ డీ3000, డీ5000 వరస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. మోటార్ లేని పాత ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు వాటి మీద చేత్తో తిప్పితేనే ఫోకస్ అవుతాయి. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉంటే మోటార్ లెన్స్‌లోనే ఉన్నట్టు. కెనాన్ ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్సులతో ఈ టెన్షన్ లేదు.

2018లో ఈ రెండు కంపెనీలూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు కొత్త మౌంట్‌లు తెచ్చి అటువైపు తిరిగాయి. చాలామంది తమ డీఎస్ఎల్ఆర్‌లను వదిలించుకుంటున్నారు కాబట్టి తక్కువ డబ్బున్నవారికి ఇది మంచి కాలం. ఈఎఫ్, ఏఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో రేపటి మిర్రర్‌లెస్ మీద కూడా పనిచేస్తాయి. వీడియోనే ముఖ్యమైతే మాత్రం ఇప్పుడే మిర్రర్‌లెస్ చూసుకోండి.

పాత బాడీ కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో) అడగండి. ప్రారంభ స్థాయి కెమెరాల షట్టర్‌ను సాధారణంగా లక్ష క్లిక్‌ల అంచనాతో తయారుచేస్తారు. ఎపర్చర్‌ను ఎఫ్ 16కి తగ్గించి లేతరంగు గోడను తీస్తే సెన్సర్ మీది దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది. అది తుడిస్తే పోయే సమస్య. లెన్స్‌కు వెనకనుంచి టార్చ్ వేసినప్పుడు సాలెగూడు లాంటి పోగులు కనబడితే అది ఫంగస్, గాజు మీది పూతను తినేస్తుంది, ఎంత చవకైనా వద్దు.

ఇంకొక పరీక్ష తప్పకుండా చేయండి. వ్యూఫైండర్‌లో (కంటికి ఆనించి చూసే కిటికీలో) చూస్తూ తీసినప్పుడు ఫోకస్ పట్టేది ఫోటో తీసే సెన్సర్ కాదు. అద్దం కింద, కెమెరా అడుగున ఉన్న వేరే సెన్సర్ ఆ పని చేస్తుంది. లెన్స్ నుంచి ఈ రెండు సెన్సర్ల దూరాల్లో ఏమాత్రం తేడా వచ్చినా, ఎఫ్ 1.8 దగ్గర కళ్లకు పట్టిన ఫోకస్ చెవుల మీదికి జరిగిపోతుంది. ఒకే వస్తువును వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి తీసి, రెండింటినీ పెద్దవి చేసి పోల్చండి. మొదటిది ప్రతిసారీ మసకగా వస్తుంటే అదే లెన్స్‌ను ఇంకో బాడీ మీద బిగించి చూడండి, లోపం దేనిదో తెలిసిపోతుంది.